పుల్ల పెట్టి చూడని సారు

ఆయన గురించి నేను రాయాల్సింది నాలుగు వాక్యాలు. రాయాల్సిన రోజున, రాయాల్సిన కాగితం మీద అవి రాయలేదు. అందుకే ఇప్పుడు ఇన్ని పేజీలు రాయాల్సి వస్తోంది.

సెలవు మీద పాల్వంచ వచ్చినప్పుడు నాన్న బండికి పెట్రోలు పోయించడానికి బంకుకు వెళ్లాను. అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాయన నన్ను గుర్తుపట్టాడు. పైపు చేతిలో పట్టుకునే, "మేడమ్, మీ పుల్ల సారు పోయిండు గద, తెల్వదా?" అన్నాడు. నాకు తెలియదు. "పది దినాలాయె. నిద్రల్నే పోయిండంట. మంచోడే పాపం" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వెనక వరసలో ఉన్న మనిషి ఎవరా సారు అని అడిగేసరికి ఈయనకు హుషారు వచ్చింది. "గా పాత రన్‌వే కాడ విమానాలు నేర్పుతుండె అన్నా. జిందగీ మొత్తం ట్యాంకుల పుల్ల పెట్టి సూడుండ్రి, పుల్ల పెట్టి సూడుండ్రి అని అందరి తల తిన్నడు. ఆఖర్కి ఆయనే పుల్ల పెట్టకుండ విమానం లేపిండు. పెట్రోలు అయిపోయి పొలంల పడ్డడు." ఇద్దరూ నవ్వుకున్నారు.

నేనూ కొంచెం నవ్వాను. బండి స్టార్ట్ చేసి రోడ్డెక్కాక గానీ నేను నవ్వానన్న సంగతి నాకు తెలియలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు జరిగిన మాట ఇది. పాల్వంచకు కాస్త అవతల ఒక పాత రన్‌వే ఉండేది. ఎప్పుడో ఎవరో పెద్దమనుషులు దిగడానికి వేసుకుని, వాళ్లు రావడం మానేశాక గేదెలకు వదిలేసినది. దాన్ని కిరాయికి తీసుకుని ఒకాయన విమానాల బడి పెట్టాడు. ఒక రేకుల షెడ్డు, హైదరాబాదు నుంచి లారీలో వచ్చే ఇంధనం డ్రమ్ములు, ఇద్దరేసి కూర్చునే రెండు పాత విమానాలు, అయిదారుగురు విద్యార్థులు. మా నాన్న థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ మనిషి. కూతురు పైలట్ అవుతానంటే ఆయన సరే అన్నాడు. అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయించేది. సారుకు ఈ సంగతి తెలిసి, "మంచిదే బిడ్డా. కని ప్రార్థనను లెక్కల కలపకు. అది రిజర్వుల ఉండనియ్" అన్నాడు.

ఆయన విమానం నడపడం ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలియదు. దీనిమీద మూడు కథలు విన్నాను, మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. సొంతూరు టేకులపల్లి అన్నది మాత్రం నిజం. పొట్టి మనిషి. ఇస్త్రీ చొక్కా, తోలు చెప్పులు. చొక్కా ఎడమ చేతి మడత దగ్గర ఎప్పుడూ ఒక నీలిమరక ఉండేది, విమానం ఇంధనం రంగు అది. ట్యాంకులో పుల్ల ముంచి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, వాసన చూసి, పుల్లను ఆ మడతకే తుడిచేవాడు. జేబు గుడ్డ ఉండగా చొక్కాకు ఎందుకు సార్ అంటే, జేబు గుడ్డ ముక్కుకని చెప్పేవాడు.

ఇక పుల్ల సంగతి. విమానం రెక్కల్లోనే ట్యాంకులు ఉంటాయి. ఎంత ఇంధనం ఉందో చూపించడానికి లోపల రెండు ముళ్లు ఉంటాయి గానీ, ఆ పాత విమానాల్లో ముళ్లు ఊగడం తప్ప పని చేసేవి కావు. "గా ముల్లు జాతకం చెప్పేటాయన అసొంటిది. నువ్వేం ఇనాలనుకుంటవో గదే చెప్తది" అనేవాడు. అందుకని ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, రెక్క మీది మూత తీసి, గాట్లు కొట్టిన వెదురు పుల్లను నిలువుగా ముంచి చూడాలి. ఇది ఏ విమానాల బడిలోనైనా ఉండే పనే. కాకపోతే వేరేచోట్ల అది పని, ఆయన దగ్గర పూజ. అయిదు నిమిషాల పాటు ఎగిరి దిగినా సరే, మళ్లీ ఎగరాలంటే మళ్లీ పుల్ల. ఆయన పుల్ల సారు అయ్యింది అందుకే.

ఆ తరవాత లెక్క. ఎంత దూరం, ఎదురుగాలి ఎంత, గంటకు ఎంత తాగుతుంది, ఇవన్నీ పెన్సిలుతో వేసి, చివర రిజర్వు కింద నలభై అయిదు నిమిషాల ఇంధనం అదనంగా కలిపించేవాడు. కలిపాక పెన్సిలు చివరతో దానిమీద కొట్టి, "ఈ నలభై అయిదు నిమిషాలు నీయి కావు" అనేవాడు. "ఎవరివి సార్?" అని మొదటిసారి అడిగాను. "ఆలస్యంగ వచ్చేటోల్లయి." "ఎవరు సార్ వాళ్లు?" "నువ్వే. కని నువ్వే అన్న సంగతి గప్పటిదాక నీకు తెల్వదు."

ఇంత చెప్పే మనిషి స్కూటర్ మాత్రం వారానికి రెండుసార్లు పెట్రోలు అయిపోయి దారిలో ఆగేది. దిగి, దాన్ని ఒక పక్కకు వంచి, ట్యాంకు మూలలో మిగిలిన చుక్కలు కిందికి దిగేలా కాసేపు అలాగే పట్టుకునేవాడు. అయినా కదలకపోతే తోసుకుంటూ వచ్చేవాడు. ఇదేంది సార్ అని మేం ముసిముసిగా నవ్వితే ఆయనకు కోపం వచ్చేది కాదు. "ఇది ఆగితే దిగి తోస్తం. అది ఆగితే దిగి తోస్తవా?" అనేవాడు. వాదన బాగానే ఉండేది. అయితే ఆ స్కూటర్ ఆగని ఊరు టేకులపల్లికీ పాల్వంచకూ మధ్య లేదు. ఆగిన ప్రతిచోటా ఆయనకు ఒక మనిషి తెలుసు. ఆ మనిషి చేను ఏ దిక్కున ఎంత పొడుగు ఉంటుందో, ఎక్కడ బావి ఉందో, ఏ పంటకాలంలో ఏం వేస్తాడో తెలుసు. షెడ్డు గోడ మీద సుద్దముక్కతో ఒక పెద్ద పటం గీసి పెట్టాడు. దానిలో ఊళ్ల పేర్లు ఉండవు, పంటల పేర్లు ఉంటాయి. పంట మారినప్పుడల్లా చెరిపి మళ్లీ రాసేవాడు.

ఆ పటం ఎందుకంటే, "ఇప్పుడేంది?" అన్న ప్రశ్న కోసం. రెండు వేల అడుగుల మీద మనం హాయిగా పోతూ ఉంటే, ఆయన చేయి చాచి ఇంజను పిడి వెనక్కి లాగేసేవాడు. చప్పుడు తగ్గిపోయి, గాలి మాత్రం వినిపించేది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనిషిలా బయటికి చూస్తూ, "ఇప్పుడేంది?" అనేవాడు. ఇంజను ఆగిపోయిందనుకోవాలి. ముక్కు దించాలి, వేగం నిలపాలి, గాలి ఎటు వీస్తోందో చూడాలి. గాలికి మాకు వేరే జెండా అక్కర్లేదు, పాల్వంచ పొగగొట్టాలున్నాయి. భద్రాచలం వైపు పోతే సారపాక కాగితం మిల్లు పొగ ఉంది. పొగకు ఎదురుగా ఉండేలా ఒక పొలం ఎంచుకుని దాని మీదికి దిగుతూ పోవాలి. నేలకు మూడు వందల అడుగుల ఎత్తు వచ్చాక ఆయన పిడి ముందుకు తోసి, "సరే, పైకి పో" అనేవాడు. తప్పు చేసినా నోరు తెరిచేవాడు కాదు. రెండు సీట్ల ముందూ కాళ్ల కింద పెడళ్లు ఉంటాయి, అవి ఒకదానికొకటి కలిపే ఉంటాయి. ఆయన తన పెడలు తొక్కితే నా పాదం కింద నాది కదిలేది. నా తప్పు నాకు కాలి కింద తెలిసేది.

అలా నేను మొదటిసారి ఎంచుకున్న పొలం అడవి అంచున, గోధుమరంగులో, అద్దంలా చదునుగా ఉంది. ఎంత బాగా దిగుతున్నానో అని నాకే ముచ్చటేసింది. ఆయన పైకి పొమ్మని, "మంచిగుంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట విని మా ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున, "స్కూటరెక్కు, నిన్న దిగిన కాడికి పోదం" అన్నాడు. ఇది ఆయన పెట్టుకున్న ఆచారం. పైనుంచి ఎంచుకున్న పొలంలో విద్యార్థి వెళ్లి నిలబడాలి. ఇంకొక కుర్రవాడు పచ్చిక బయలు అనుకుని జామాయిల్ తోట మీదికి దిగాడని, వాణ్ణి ఆ తోట అంతా నడిపించి తీసుకొచ్చాడు. మేం వెళ్తుంటే టేకులపల్లి దాటాక స్కూటర్ ఆగింది. ఇద్దరం తోసుకుంటూ ఒక తండా దగ్గరికి చేరాం. నెత్తికి తుండు చుట్టుకున్న రైతు ఒకతను ఎదురొచ్చి, "మల్ల ఆగిందా సారూ?" అన్నాడు. అతని పేరు లచ్చిరాం. నిన్నటి నా పొలం అతనిదే.

"లచ్చిరాం, ఈ బిడ్డ నిన్న పొద్దుగాల నీ పోడుల విమానం దించింది. మాఫీ ముందుగాల్నే అడుగుదమని తీస్కొచ్చిన" అన్నాడు సారు.

లచ్చిరాం నన్ను చూశాడు, పైనున్న పోడును చూశాడు. "మొత్తం దించిందా?"

"మొత్తం."

"లోపలున్నోల్లు బతికిండ్రా?"

"గదే సూద్దమని వచ్చినం."

పోడు ఎక్కాను. అడవి కొట్టి కాల్చి చేసిన చేను అది. పైనుంచి అద్దంలా ఉన్నదంతా మోకాటి ఎత్తు మొద్దులు. నరికిన చెట్ల మొదళ్లు అలాగే ఉన్నాయి, వాటి మధ్య ఎండుగడ్డి పెరిగి పైకి ఒక్క రంగులో కనిపిస్తోంది. ఈ చివర నుంచి ఆ చివరికి నడవమన్నాడు సారు. నడిచాను. రెండుసార్లు పడ్డాను, మోకాలు గీరుకుపోయింది. ఆ చివర నిలబడి, "చక్రం ఏడ పెడ్తవో సూపియ్" అని అరిచాడు. నా పాదం పెట్టడానికే చోటు వెతుక్కుంటున్నాను. లచ్చిరాం మాత్రం, "సిన్న పిల్ల సారూ, పోనియ్" అని నా తరఫున మాట్లాడాడు.

పోడు కింద అతని మాగాణి ఉంది. కోత అయిపోయిన వరిమడి ఒకటి, దాని పక్కన మిర్చి కల్లం. నేల చదును చేసి, పేడతో అలికి, దానిమీద కాయ ఆరబోశారు. అంత పొడుగున ఎరుపు. లచ్చిరాం భార్య, ఇద్దరు కోడళ్లు కూర్చుని, తెల్లబోయిన తాలు కాయలు ఏరుతున్నారు. ముక్కులు మండిపోతున్నా అక్కడ నిలబడి చూశాను. గట్టి నేల, గట్లు లేవు, మొద్దులు లేవు. "సార్, ఇక్కడైతే హాయిగా దిగొచ్చు" అన్నాను. ఏరుతున్న చేతులు ఆగిపోయాయి.

"దిగొచ్చు. మనం బతుకుతం. వీల్లు ఈ ఏడాది ఏం తినాలె?" అన్నాడు సారు.

లచ్చిరాం అడ్డుపడ్డాడు. "గట్ల అనకు సారూ. పానం కంటె కాయలెక్కువనా?"

"నువ్వు అనొద్దు లచ్చిరాం. ఏదెక్కువనో ఈ బిడ్డ అనుకోవాలె."

తండాలో ఎవరో సీసాలో పోసిచ్చిన పెట్రోలుతో పాల్వంచ చేరాం.

ఇక నా గొప్పతనం చెప్పాలి. మా రెండు విమానాలూ చూడ్డానికి ఒకేలా ఉండేవి గానీ ఒకదానికి పెద్ద ట్యాంకులు, ఒకదానికి చిన్నవి. పెద్దమ్మ, చిన్నమ్మ అని పిలిచేవాళ్లం. రెండింటికీ వేరువేరు పుల్లలు, ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి నల్లదారం. ఒకరోజు సారు చూసుకోకుండా చిన్నమ్మ పుల్ల మీద కూర్చుని విరగ్గొట్టాడు. కొత్తది చేసే పని నాకు చెప్పాడు. సారపాక మిల్లుకు వెదురు తీసుకుపోయే లారీలు చాయ్ హోటల్ దగ్గర ఆగేవి, డ్రైవరును అడిగి ఒక ముక్క తెచ్చుకున్నాను. చెక్కడం తేలిక. గాట్లు కొట్టడమే పెద్ద పని. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, డబ్బాతో అయిదు లీటర్లు పోసి, పుల్ల ముంచి, తడి ఉన్నచోట గాటు కొట్టి, మళ్లీ అయిదు లీటర్లు పోసి, మళ్లీ ముంచి, అలా నిండేదాకా చేయాలి. ఒక పూట పడుతుంది. ఎండ మండిపోతోంది. నా లైసెన్సు ఫైలు సోమవారం హైదరాబాదుకు పోవాలి, దానికి ముందు ఒక దూరప్రయాణం మిగిలి ఉంది. నేను పెద్దమ్మ పుల్ల పక్కన పెట్టుకుని, చూసి అవే గాట్లు కొట్టేశాను. పావుగంట పట్టింది. రెండు విమానాలూ ఒకే అచ్చు కదా అనుకున్నాను.

సారు పుల్ల చేతిలోకి తీసుకుని, "డబ్బా పోసి కొట్టినవా?" అని అడిగాడు.

"అవ్ సార్" అన్నాను.

జాతకాలు నమ్మని మనిషి, ముల్లును నమ్మని మనిషి, స్కూటరును కూడా నమ్మని మనిషి, నా మాట నమ్మాడు. నల్లదారం చుట్టి విమానంలో పెట్టాడు.

ఆ ప్రయాణం భద్రాచలం దాకా గోదారి మీద పోయి, అక్కడి నుంచి ఖమ్మం వైపు తిరిగి, అడవి అంచున టేకులపల్లి మీదుగా వెనక్కి. రెండుంబావు గంటలు. చిన్నమ్మ వంతు వచ్చింది. డ్రమ్ములు అడుగంటి ఉన్నాయి, లారీ ఇంకా రాలేదు, అందుకని లెక్కకు సరిపడా గాటు దాకా మాత్రమే పోశాం. నేను స్టూలెక్కి రెండు ట్యాంకుల్లోనూ పుల్ల ముంచాను. ఆయన పక్కన నిలబడి తడి గుర్తు తన కళ్లతో చూశాడు. వాసన చూశాడు. చొక్కాకు తుడిచాడు. లెక్క వేశాను, ఆయన సరిచూశాడు. కూడికలో, తీసివేతలో ఒక్క తప్పు లేదు. పైన నలభై అయిదు నిమిషాలు కూడా ఉన్నాయి. అంత శుద్ధమైన లెక్క నేను అంతకు ముందు వేయలేదు, ఆ తరవాతా వేయలేదు.

టేకులపల్లి కనిపిస్తుండగా, రెండు ముళ్లూ అడుగుకు వాలి ఉన్నాయని చెప్పాను. "జాతకం" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ముళ్లు జన్మలో ఒక్కసారి నిజం చెప్పాయి, అప్పుడు మేమిద్దరం నవ్వుతున్నాం.

ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఇప్పుడేంది?" అన్నాడు.

నాకు విసుగొచ్చింది. ఫైలు పోయే ముందు కూడా పరీక్షేనా అనుకుని పిడి వైపు చూశాను. పిడి నేను పెట్టినచోటే ఉంది. ఆయన చేతులు ఆయన ఒళ్లోనే ఉన్నాయి. ఎదురుగా పంఖా రెక్క కదలకుండా నిలబడి ఉంది.

"నిజమేనా సార్?"

"ఇప్పుడేంది అన్న గద."

ఆయన విమానం తన చేతుల్లోకి తీసుకుంటాడనుకున్నాను. తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఆ తరవాత చాలాసార్లు ఆలోచించాను. ముక్కు దించాను. పాల్వంచ పొగ ఎడమకు పోతోంది. కుడివైపు అంతా అడవి, దానికి ఈవల జామాయిల్. ముందర లచ్చిరాం పోడు, దాని కింద కల్లం. మధ్యాహ్నం కావడంతో కల్లంలో మనుషులు లేరు. చదునుగా, పొడుగ్గా, ఎర్రగా ఉంది. దాచుకోవడం దేనికి, నేను దాని మీదికే విమానం తిప్పాను. కొన్ని క్షణాల పాటు దాని మీదికే దిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పెడలు కూడా కదల్లేదు. అప్పుడు నాకు కాయలేరుతూ ఆగిపోయిన ఆ ఆడవాళ్ల చేతులు గుర్తొచ్చాయి. పక్కనున్న వరిమడి వైపు మలిపాను. మలపడంలో తొందరపడ్డాను, అప్పుడు మాత్రం నా పాదం కింద పెడలు ఒక్కసారి కదిలింది.

చక్రాలు కోసిన వరి కొయ్యకాళ్ల మీద ఆనాయి. మొదటి గట్టు దాటాం, రెండో గట్టుకు తగిలి ముందుచక్రం విరిగింది. విమానం ముక్కు మీద కూర్చుంది. ఆయన నుదురు చిట్లింది, నా మణికట్టు బెణికింది. అంతకు మించి ఏమీ కాలేదు. ఇద్దరం బయటికి దిగాం. ఆయన చేసిన మొదటి పని, వంగిన రెక్క మీది మూత తీసి, "పుల్ల" అని చేయి చాపడం. ముంచాడు. పొడిగా వచ్చింది. రెండో ట్యాంకూ అంతే. ఆ తరవాత పుల్లను ఎండకు పట్టుకుని గాట్లు చూశాడు. పెద్దమ్మ గాట్లు ఆయనకు అరచేతి గీతల్లా తెలుసు. ఆ గాట్లతో కొలిస్తే చిన్న ట్యాంకులో ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది.

"డబ్బా పోసి కొట్టలె" అన్నాడు. అది ప్రశ్న కాదు. నుదుటి నుంచి కారే రక్తం ఎడమ మడతకే తుడుచుకుని, పుల్లను చొక్కా లోపల దోపుకున్నాడు.

లచ్చిరాం నీళ్ల బిందెతో పరుగెత్తుకొచ్చాడు. "ఏంది సారూ, ఈపారి నిజంగనే దిగిండ్రా?"

"అవ్ లచ్చిరాం. మాఫీ ముందుగాల్నే అడిగినం గద."

లచ్చిరాం విమానాన్ని చూశాడు, తన కల్లాన్ని చూశాడు, పైన మేం వచ్చిన దారిని చూశాడు. అతనికి అర్థమయింది. నీళ్లు ముందు నాకు పోశాడు.

నాలుగు రోజులకు పట్నం నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. షెడ్డులో బల్లకు అటు వాళ్లు, ఇటు మేమిద్దరం. ఎగరబోయే ముందు ఇంధనం ఎవరు కొలిచారు, కొలిచిన పుల్ల ఏది అని అడిగారు. నేను నోరు తెరిచాను. బల్ల కింద నా పాదం మీద ఆయన చెప్పు వచ్చి ఆగింది, నెమ్మదిగా నొక్కింది. ఆ నొక్కుడు నాకు బాగా తెలుసు. నీది తప్పు, సరిచేస్తున్న అని దాని అర్థం.

"పుల్ల లేదండి. విరిగిపోయింది. కొత్తది చేపియ్యలే. కంటితోటి చూసి సరిపోతదనుకున్న" అన్నాడు ఆయన.

అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ మనిషి గురించి వాళ్లూ విన్నారు. మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాడు. పుల్ల పెట్టి చూడలేదు అని తన గుండ్రని దస్తూరితో రాసి సంతకం పెట్టాడు. దాని కింద, దిగడంలో విద్యార్థిని తప్పేమీ లేదు అని ఇంకో వాక్యం రాశాడు. ఆ కాగితంలో నిజమైన వాక్యం అదొక్కటే, అది కూడా సగమే.

బయటికొచ్చాక ఏడ్చాను. ఆయనకు ఏడుపులు నచ్చవు. "నీ ఫైలు పోవాలె. నా ఫైలు ఎటు పోతది? అరవై దగ్గర పడ్డయ్" అన్నాడు. షెడ్డు వైపు తిరిగి, "టైమొచ్చినప్పుడు నువ్వే చెప్తవ్ తీయ్" అన్నాడు. నన్ను క్షమించినట్టే అనుకున్నాను. క్షమించారని అనుకోవడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

నాకు లైసెన్సు వచ్చింది. ఆయనకు నేర్పే అనుమతి పోయింది. మళ్లీ ఎగరలేదు. ఆ బడి ఏడాదికే మూతపడింది, గేదెలు తిరిగొచ్చాయి. పాల్వంచ నుంచి టేకులపల్లి దాకా పుల్ల సారు పుల్ల పెట్టలేదన్న ముచ్చట ప్రతి చాయ్ హోటల్‌కూ చేరింది. నాకు పెద్ద విమానాల్లో ఉద్యోగం దొరికింది. ఇక్కడ ఇంధనం కంప్యూటరు లెక్క కడుతుంది. నాలుగేళ్లలో ఎన్ని ఊళ్లు ఎగిరానో, టేకులపల్లి వెళ్లడానికి మాత్రం ఎప్పుడూ వీలు కాలేదు. ఒకసారి సెలవు లేదు, ఒకసారి వాన, ఒకసారి బండి లేదు. ఇంకా ఒకటుంది. హోటళ్లలో తోటి పైలట్లు కూర్చుని తమ గురువుల మీద జోకులు వేసుకుంటుంటే, నా వంతు వచ్చినప్పుడు నేనూ ఒకటి చెప్పాను. జీవితమంతా పుల్ల పెట్టమని చెప్పి, చివరికి తనే పెట్టని సారు కథ. అందరూ బాగా నవ్వారు. తరవాత అది అడిగి మరీ చెప్పించుకునేవాళ్లు. ఇది రాస్తుంటే సిగ్గుతో నా ఒళ్లు కాలుతోంది.

బంకు నుంచి బండి ఇంటికి తిప్పలేదు. టేకులపల్లి వెళ్లాను.

అమ్మ, అంటే సారు భార్య, వసారాలో చాట ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. స్కూటర్ గోడకు ఆనించి ఉంది, ఒక పక్కకు వంగి. నన్ను చూసి, "నువ్వేనా. కూసో బిడ్డా" అంది. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. "అమ్మా, ఆ రోజు సారు పుల్ల పెట్టించారు. పెట్టింది నేనే. గాట్లు తప్పు కొట్టింది నేనే. డబ్బా పోసి కొట్టానని అబద్ధం చెప్పింది నేనే."

ఆమె చేతులు ఆగలేదు. "తెలుసు బిడ్డా" అంది. గడ్డంతో తలుపు వైపు చూపించింది. గడియ కొక్కెంలో జారిపోకుండా ఒక వెదురు పుల్ల అడ్డం దోపి ఉంది. నల్లదారం మాసిపోయింది గానీ గాట్లు అలాగే ఉన్నాయి. దాచిపెట్టలేదు, పారేయలేదు. రోజూ తలుపేసినప్పుడల్లా అది ఆయన చేతిలోకి వచ్చేది.

"నువ్వొస్తవని చెప్పిండు. జర ఆలస్యమైతది, కని వస్తదన్నడు. రెండేండ్లు చూసినంక నేనంటి, ఇగ రాదు, ఆశ ఇడిసిపెట్టు అని. ఇంక రిజర్వు ఉన్నదే అన్నడు." ఆమె గింజ ఒకటి తీసి పక్కన వేసింది. "నేను లేనప్పుడొస్తే ఒక్క మాట అడగమన్నడు."

"ఏం మాటమ్మా?"

"ఇప్పుడేంది, అని."

వసారా మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆయన ఉంటే నచ్చేది కాదు.

ఆ నాలుగు వాక్యాలూ తరవాత రాసి, సంతకం పెట్టి, పంపించాల్సిన ఆఫీసుకు పంపించాను. ఆ రోజు ట్యాంకులో పుల్ల పెట్టి చూశాం. పుల్ల చెక్కి తప్పు గాట్లు కొట్టింది నేను. సరిగ్గానే కొట్టానని ఆయనకు అబద్ధం చెప్పాను. ఆయన మీకు రాసిచ్చింది నన్ను కాపాడటానికి. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు, వాళ్ల నుంచి ఇంకా జవాబు రాలేదు. అది వేరే సంగతి.

ఆ సాయంత్రం మాత్రం టేకులపల్లి నుంచి తిరిగి వస్తూ పాల్వంచ బంకు దగ్గర ఆగాను. ట్యాంకు నిండుగానే ఉంది. పొద్దుటి మనిషే పైపు తీసుకుని వచ్చాడు. వెనక నలుగురైదుగురు వరసలో ఉన్నారు.

"అప్పుడే అయిపోయిందా మేడమ్?"

"పెట్రోలు వద్దన్నా" అన్నాను. వరసలో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా గట్టిగానే చెప్పాను. "సారు పుల్ల పెట్టి సూసిండు. గా పుల్ల చెక్కింది నేను."